సుగ్గి వలసకూలీలు – సభలో మాట్లాడే ధైర్యం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత పరిశీలన

ఉపోద్ఘాతం

కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పరిసర గ్రామాల్లో బతుకుదెరువుకై ఊరు విడిచి వెళ్లడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో ‘సుగ్గి’ అంటే పంటకోతల కాలం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. వర్షాధార సేద్యం ముగిశాక ఇక్కడి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టడం పనులకు బెంగళూరు, హైదరాబాదులకు తరలిపోతాయి. వీరు సభలో నోరు విప్పకపోవడానికి పుట్టుబిడియం కంటే, మాట్లాడే సందర్భాలు కొరవడటమే ముఖ్యకారణమని ఈ వ్యాసం వివరిస్తుంది.

మౌనానికి మూలాలు

వలసచోట కూలి, బస వంటి విషయాలను యజమానితో సాధారణంగా మేస్త్రీయే మాట్లాడతాడు. ముందుగా తీసుకున్న అడ్వాన్సు కూలీని మరింత మౌనిని చేస్తుంది. స్వగ్రామంలో జనవరి 26న గ్రామసభ జరిగే వేళకు అతడు మిరపచేలో ఉంటాడు. దీనికి తోడు భాషాపరమైన సంకోచం ఉంది. తెలుగులో ‘పలుకుబడి’కి నుడికారమనీ, ప్రాబల్యమనీ రెండర్థాలున్నాయి. మొదటిదానిని చిన్నచూపు చూసే సభలో రెండవది దక్కదు.

ధైర్యానికి ఆధారాలు

మనోవిజ్ఞానవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో స్వసామర్థ్య విశ్వాసానికి నాలుగు ఆధారాలను పేర్కొన్నాడు. అవి: స్వయంగా సాధించిన అనుభవం, తనవంటివారు సాధించడం చూడటం, ఇతరుల ప్రోత్సాహం, శారీరక, ఉద్వేగ స్థితి. ఉపాధి హామీ సామాజిక తనిఖీలో ఇవి ఒకచోట కూడే అవకాశం కనిపిస్తుంది. 2005 నాటి చట్టంలోని 17వ విభాగం పనుల తనిఖీని గ్రామసభకు అప్పగించింది. ఆంధ్రప్రదేశ్‌లో శిక్షణ పొందిన కూలీ కుటుంబాల యువత ఇంటింటా మస్టరు వివరాలు సరిచూసి, వాటిని మండల ప్రజావేదికలో అధికారుల ముందుంచే పద్ధతి ఏర్పడింది. ‘ఇన్ని రోజులు పనిచేశాను, ఇన్ని రోజులకే కూలి అందింది’ అని చెప్పడానికి వాగ్ధాటి అవసరం లేదు. విషయం తనది, ఆధారం కాగితంపై ఉంది, వినేవారికి బదులు చెప్పే బాధ్యత ఉంది.

అయితే సుగ్గికి వెళ్లినవారి పేర మస్టరులో హాజరు పడితే, దానిని ఖండించవలసిన మనిషే ఊళ్లో ఉండడు. అప్పుడు మౌనం కూలీ సొమ్మునే కాక, సాక్ష్యాన్నీ పోగొడుతుంది.

ముగింపు

కాబట్టి సాధన వలస క్యాలెండరును అనుసరించాలి. కూలీలు తిరిగివచ్చే వేసవి నెలల్లో ముందు అయిదారుగురి మధ్య తమ పని లెక్కను తమ యాసలోనే చెప్పించాలి. తరువాత ఇద్దరిద్దరుగా గ్రామసభలోను, ఆపైన మండల వేదికపైన మాట్లాడించాలి. ఉచ్చారణను దిద్దడం తొలి మెట్టు కాకూడదు. స్థానిక కళాశాలల తెలుగు శాఖలు ఈ కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులతోనే ఈ అభ్యాసం నడిపించవచ్చు. తనవంటివాడు మాట్లాడి బదులు రాబట్టడం చూసిన కూలీకి, తానూ మాట్లాడగలనన్న నమ్మకం కలుగుతుంది.