మైనింగ్ అంటే ఏమిటి? నోడ్ అంటే ఏమిటి?

2008వ సంవత్సరం మన శంషాబాద్ రూపురేఖలను మార్చివేసింది. ఆ ఏడాది మార్చిలో ఇక్కడ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైంది. అదే ఏడాది అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో తొమ్మిది పేజీల వ్యాసం ఒకటి ఇంటర్నెట్‌లో వెలువడింది. బ్యాంకు లేకుండానే మనిషి నుంచి మనిషికి డబ్బు పంపే పద్ధతి అందులో ఉంది. అదే బిట్‌కాయిన్. ఆ పేరు వెనుక ఉన్నది ఎవరో నేటికీ తేలలేదు.

బిట్‌కాయిన్ పేరు ఇప్పుడు మన హాస్టళ్లలో తెలియని వారు లేరు. అయితే "మైనింగ్" అనగానే డబ్బులు కురిసే యంత్రం అనుకునేవారే ఎక్కువ. స్కాలర్‌షిప్ పడిన వారంలోనే "మైనింగ్‌లో పెట్టండి, రోజూ ఆదాయం" అంటూ మన తమ్ముళ్ల ఫోన్లకు సందేశాలు వస్తున్నాయి. ఆ మాట వెనుక అసలు సంగతి ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

మెస్ లెక్కల పుస్తకం

మన మెస్ లెక్కల పుస్తకాన్నే తీసుకుందాం. అది ఒక్కరి చేతిలో ఉంటే, వారు రాసిందే లెక్క. అదే పుస్తకం నకలు ప్రతి గదిలోనూ ఉండి, కొత్త పేజీ రాసినప్పుడల్లా అందరూ సరిచూసుకుంటే దొంగలెక్క నిలవదు. బిట్‌కాయిన్ అలాంటి పుస్తకమే. పేజీని బ్లాక్ అంటారు. పుస్తకం నకలు పెట్టుకుని ప్రతి పేజీనీ సరిచూసే కంప్యూటరే నోడ్. కొత్త పేజీ రాసే అవకాశం కోసం పోటీపడేవాడు మైనర్.

ఆ పోటీ ఏమిటంటే, ఒక షరతుకు సరిపోయే అంకెను వెతకడం. దానికి సూత్రం లేదు, అడ్డదారి లేదు. ఒక్కొక్క అంకె వేసి చూసుకుంటూ పోవడమే. కనుక్కోవడం మహాకష్టం, దొరికిన దాన్ని సరిచూడటం క్షణం పని. సగటున పది నిమిషాలకు ఒకరికి దొరికేలా ఏర్పాటు ఉంది. పోటీదారులు పెరిగితే షరతు కూడా తనంతట తానే కఠినమవుతుంది. గెలిచినవారికి మొదట్లో 50 బిట్‌కాయిన్లు వచ్చేవి. సుమారు నాలుగేళ్లకొకసారి సగమవుతూ, 2024 ఏప్రిల్ నుంచి 3.125 అయింది. మొత్తం మీద 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవు.

లెక్క వేసి చూద్దాం

2009లో మామూలు కంప్యూటర్‌తోనే మైనింగ్ సాగింది. ఇప్పుడు అందుకోసమే తయారైన యంత్రాలు కావాలి. మంచి యంత్రం ఒకటి సెకనుకు 200 లక్షల కోట్ల అంకెలు వేసి చూస్తుంది. అయితే 2025 నాటికి ప్రపంచంలోని మైనర్లందరి బలం కలిపితే, అలాంటివి 50 లక్షల యంత్రాలకు సమానం. అంటే ఒక్క యంత్రంతో ఒంటరిగా కూర్చుంటే, ఒక బ్లాక్ దొరకడానికి సగటున 95 ఏళ్లు పడుతుంది! అందుకే మైనర్లు గుంపుగా చేరి, వచ్చినదాన్ని పంచుకుంటారు.

ఇక కరెంటు. ఆ యంత్రానికి 3,500 వాట్లు కావాలి. రోజుకు 84 యూనిట్లు, నెలకు 2,520 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలు అనుకున్నా నెలకు 22,680 రూపాయలు. హాస్టల్ ప్లగ్గులో పెడితే కరెంటు ఉచితం కదా అని ఎవరైనా అనవచ్చు. అది ప్రజల సొమ్ము. పైగా మన గదుల వైరింగు ఆ బరువు మోయలేదు. ఇక సెల్‌ఫోన్‌తో బిట్‌కాయిన్ మైనింగ్ అనేది వట్టి మాట.

నోడ్ సంగతి

నోడ్ నడిపితే డబ్బు రాదు. అయినా నెట్‌వర్కుకు వెన్నెముక అదే. మైనర్ ఎంత బలవంతుడైనా, నియమం తప్పిన బ్లాకును నోడ్లు తీసుకోవు. 2009 జనవరిలో సతోషి తరువాత తొలిగా ఈ ప్రోగ్రామును నడిపిన వారిలో హాల్ ఫిన్నీ ఒకరు. మొదటి బదిలీగా 10 బిట్‌కాయిన్లు అందుకున్నది ఆయనే. ఈ ప్రోగ్రాము ఉచితం, దాని కోడ్ ఎవరైనా చదవవచ్చు. ఒక టెరాబైట్ డిస్కు, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, ఆగని ఇంటర్నెట్ ఉంటే చాలు. కరెంటు ఒక బల్బుకు అయినంతే.

ఈథీరియం అనే మరో నెట్‌వర్క్ 2022 సెప్టెంబరు 15న మైనింగ్‌ను పూర్తిగా వదిలేసింది. అక్కడ 32 ఈథర్లు తాకట్టు పెట్టిన వారికి బ్లాక్ రాసే వంతు వస్తుంది. మోసం చేస్తే ఆ తాకట్టులో కోత పడుతుంది. దీనితో కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. అయితే ఆ నోడ్లలో చాలా భాగం అమెజాన్ వంటి కంపెనీల అద్దె కంప్యూటర్లలోనే ఉన్నాయి. మన రంగారెడ్డి జిల్లాలోని చందనవెల్లి, మీర్‌ఖాన్‌పేటలలో అమెజాన్ కట్టినవి అలాంటి డేటా సెంటర్లే. పుస్తకం నకళ్లన్నీ ఒకే భవనంలో ఉంటే, అది మళ్లీ ఒక్కరి చేతిలో ఉన్న పుస్తకమే కదా! ఇంట్లో నడిచే చిన్న నోడ్ విలువ అక్కడే తెలుస్తుంది.

జాగ్రత్త!

"గెయిన్ బిట్‌కాయిన్" అనే పథకం మైనింగ్ పేరు చెప్పి, నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని దేశమంతటా డబ్బు వసూలు చేసింది. ప్రధాన నిందితుడు 2018లో అరెస్టయ్యాడు. "హెచ్‌పీజెడ్ టోకెన్" అనే యాప్ 57,000 రూపాయలు కడితే రోజుకు 4,000 చొప్పున మూడు నెలలు ఇస్తామని ఆశ చూపినట్లు ఈడీ తెలిపింది. అంటే 57,000కు 3,60,000! ఏ యంత్రం ఇంత సంపాదిస్తుంది? నిజంగా సంపాదించేదైతే దాన్ని మనకెందుకు ఇస్తారు?

మన దేశంలో క్రిప్టో చట్టబద్ధమైన చెల్లింపు సాధనం కాదు. అలాగని నిషేధమూ లేదు. రిజర్వ్ బ్యాంకు 2018లో బ్యాంకులపై పెట్టిన ఆంక్షను సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టివేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను ఉంది. మైనింగ్ ఏర్పాట్లకు పెట్టిన ఖర్చును అందులో మినహాయించుకోవడానికి వీల్లేదని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది.

మిత్రులారా! మన ఇళ్లలో స్కాలర్‌షిప్ అంటే తల్లిదండ్రుల కొన్ని నెలల కూలికి సమానం. దాన్ని తెలియని యాప్‌లో పోయకండి. చేరడానికి ముందే డబ్బు అడిగేది, మనిషిని చేరిస్తే కమీషన్ ఇచ్చేది మైనింగ్ కాదు. నిజంగా ఆసక్తి ఉంటే "సిగ్‌నెట్" అనే సాధన నెట్‌వర్కులో నోడ్ నడిపి చూడండి. అక్కడి నాణేలకు విలువ లేదు కనుక పోయేదీ ఏమీ లేదు. బ్లాక్ ఎలా వస్తుందో, నోడ్ దేన్ని ఎందుకు తిరస్కరిస్తుందో కళ్లారా చూడవచ్చు. ఆ చదువు రేపు ఉద్యోగానికి పనికొస్తుంది. మోసగాడు ఎదురైనప్పుడు ఈరోజే పనికొస్తుంది.