పేపరు కోసం పాత బ్రౌజరు

2004, 2005 నాటి సంగతి. విజయవాడలో బీసెంట్ రోడ్డు చుట్టుపక్కలా, బెంజి సర్కిల్ దగ్గరా నెట్ సెంటర్లు కిటకిటలాడుతున్న రోజులు. అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోన్ చేసి చెప్పేవాడు... ‘నాన్నా, ఆ ఎక్స్‌ప్లోరర్ వదిలెయ్యి. ఫైర్‌ఫాక్స్ అని కొత్తది వచ్చింది, అది పెట్టించు’ అని. 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 విడుదలైంది. ఒకే కిటికీలో నాలుగైదు పేజీలు ట్యాబుల్లో తెరుచుకోవచ్చు. అడక్కుండా ఊడిపడే ప్రకటనల బెడద తక్కువ. అప్పటి ఎక్స్‌ప్లోరర్ 6లో ట్యాబులే లేవు. ఇంకేం, మారిపోవచ్చు కదా!

మారినవాళ్లు మర్నాడు పొద్దున కాఫీ కప్పు పక్కన పెట్టుకుని తెలుగు పేపరు తెరిచేవారు. తెర నిండా తలమీద చుక్కలూ గీతలూ పెట్టుకున్న ఏవో ఐరోపా అక్షరాలు! తెలుగు ఒక్క ముక్క లేదు. ‘వైరస్సేమో’ అని భయపడినవాళ్లూ ఉన్నారు. చేసేదేముంది... మళ్లీ ఆ నీలిరంగు ‘ఇ’ బొమ్మ మీదే నొక్కడం.

తప్పు ఫైర్‌ఫాక్స్‌దా, పేపరుదా? విజయవాడ వాళ్లకి ఈ సంగతి సులువుగానే అర్థమవుతుంది. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి పుట్టిన ఊరిది. సీసం అక్షరాలు పేర్చిన చేతులు ఎన్నో ఇక్కడున్నాయి. అక్షరాల గళ్లపెట్టె ఒకటి ఊహించుకోండి. గడుల మీద ఇంగ్లిషు అక్షరాలు రాసి ఉన్నాయి. లోపల ఉన్నవి మాత్రం తెలుగు తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు. ఏ గడిలో ఏముందో తెలిసిన మనిషి తెలుగే పేరుస్తాడు. తెలియనివాడు పైన రాసింది చూసి ఇంగ్లిషు చదువుతాడు. అప్పటి పేపర్ల సైట్లన్నీ దాదాపు ఇలాంటి పెట్టెలే. పైగా ఒక్కో పేపరు పెట్టె సర్దిన తీరు ఒక్కో రకం. ఈనాడుది ఒక లెక్క, వార్తది మరో లెక్క.

లోపలి బొమ్మలు చూపించే ఫాంటును ఎక్స్‌ప్లోరర్ పేజీతోపాటే దించుకునేది. చదివేవాడికి ఆ సంగతే తెలిసేది కాదు. అది మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతి, ‘ఇఓటీ’ అనే రకం ఫాంటు. ఫైర్‌ఫాక్స్ దాన్ని ముట్టుకోలేదు. 2009 జూన్‌లో వచ్చిన 3.5తో పేజీ వెంట వచ్చే ఫాంట్లను తీసుకోవడం మొదలుపెట్టినా, ఇఓటీని మాత్రం గడప దాటనివ్వలేదు.

చదవడానికి ఇబ్బందని చాలామంది అనుకున్నారు గానీ, అసలు నష్టం వేరేచోట ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది పోయారు. దాని గురించి ఆ రోజుల్లో సైట్లో పెట్టిన వ్యాసం ఉందనుకోండి. గూగుల్లో ‘దివిసీమ’ అని తెలుగులో కొట్టి వెతికితే అది దొరకదు. ఎందుకంటే ఆ పేజీలో ‘దివిసీమ’ అన్న మాటే లేదు! ఉన్నది ఇంగ్లిషు గడుల వరస. కంటికి తెలుగు, కంప్యూటరుకి గందరగోళం. అవనిగడ్డ అన్నా అంతే, నాగాయలంక అన్నా అంతే. తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే సొంత గడులు కేటాయించారు. అవి ఖాళీగా ఎదురుచూస్తుంటే మనం పక్కవాళ్ల గడుల్లో సర్దుకున్నాం.

చిక్కుముడిని విప్పినవాడు వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిందీ ఆయనే. ఫైర్‌ఫాక్స్‌కి తగిలించుకునేలా ‘పద్మ’ అనే చిన్న ప్రోగ్రాము రాసి ఉచితంగా ఇచ్చారు. ఏ పేపరు పెట్టెలో ఏ గడిలో ఏముందో ఆ పద్మకి తెలుసు. పేజీ రాగానే గడులు సరిచూసి అసలైన తెలుగులోకి, అంటే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. వార్తలో ముక్క కాపీ చేసి మెయిల్లో పంపినా తెలుగు తెలుగుగానే వెళ్లేది. ఎక్స్‌ప్లోరర్‌లో చదివేవాళ్లకి ఆ భాగ్యం లేదు. తర్వాత ఇంగ్లిషు కీబోర్డుతో తెలుగు రాసే ‘లేఖిని’ని వీవెన్ తయారు చేసిందీ ఈ పద్మ పునాది మీదే.

అయితే ఒక మెలిక. విండోస్ ఎక్స్‌పీలో ‘గౌతమి’ అనే తెలుగు ఫాంటు ఉంది గానీ, భారతీయ లిపులు సరిగ్గా కనబడాలంటే సెట్టింగుల్లో ఒకచోట టిక్కు పెట్టాలి. పెట్టగానే ‘సీడీ వెయ్యి’ అనేది. నెట్ సెంటర్లో ఆ సీడీ ఎవరి దగ్గరుంటుంది? ఓనరు దగ్గరుండదు, కంప్యూటర్లు అమ్మినవాడు ఫోనెత్తడు. బ్రౌజర్ మార్చాలా వద్దా అన్న ప్రశ్న చాలాచోట్ల అక్కడే ఆగిపోయింది.

ఆఫీసులవాళ్ల బాధ ఇంకొకటి. డిజిటల్ సంతకం అడిగే కొన్ని ప్రభుత్వ సైట్లు ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప కదిలేవి కావు. ఇష్టం లేకపోయినా దాన్ని ఇంట్లో పెద్దాయనలా ఉంచుకోక తప్పలేదు. చివరికి 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే దాన్ని సాగనంపింది.

ఇప్పుడు ఏ బ్రౌజరైనా తెలుగు చూపిస్తుంది. అందుకే మారాలా వద్దా అన్నది వేరే ప్రశ్న అయింది. ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్... పేర్లు వేరైనా లోపలి ఇంజను క్రోమ్‌దే. వేరే ఇంజనుతో నడిచేవాటిలో ప్రధానమైనవి ఫైర్‌ఫాక్స్, ఆపిల్ సఫారీ. 2024-25లో క్రోమ్ పాత తరహా ఎక్స్‌టెన్షన్లను ఆపేసింది. దాంతో ప్రకటనల్ని గట్టిగా అడ్డుకునేవి కొన్ని మూలపడ్డాయి. అవి లేనిదే గడవదనుకునేవాళ్లకి ఫైర్‌ఫాక్స్‌లో ఇంకా చోటుంది. మారడం కూడా పెద్ద పనేం కాదు. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు కొత్తది తనే తెచ్చుకుంటుంది. పాతదాన్ని తీసెయ్యకుండా వారం రోజులు రెండూ వాడి చూస్తే చాలు.

ఆ రోజుల్లో ఊరి వార్తో, ఇంట్లో వాళ్ల గురించి పడిన ముక్కో సేవ్ చేసి సీడీలో దాచుకున్నవాళ్లు మాత్రం కాస్త తొందరపడాలి. ఇఓటీ ఫాంటును క్రోమూ ఫైర్‌ఫాక్సూ చూపించవు. ఎడ్జ్‌లో పాత ఎక్స్‌ప్లోరర్ పద్ధతిని కనీసం 2029 దాకా ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆలోగా ఆ పేజీ తెరిచి ఫాంటు పేరేమిటో చూసుకోండి. అది తెలిస్తే యూనికోడ్‌లోకి మార్చే దారి వెతకొచ్చు. సీడీ కవరు మీద తేదీతోపాటు ఆ ఫాంటు పేరు కూడా రాసి పెట్టండి.