మీకు తెలుసా? షాపులో ఓవెన్‌కు ముందు గాలి కావాలి

ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న కె.కోటపాడులో గానీ, పక్కన చోడవరంలో గానీ బేకరీకి వెళ్లి ఎగ్ పఫ్ అడిగితే, వేడి చేయమంటారా అని అడిగి కౌంటరు వెనకున్న మైక్రోవేవ్ ఓవెన్‌లో పెడతారు. ఇది మొదట పుట్టింది ఇళ్ల కోసం కాదు, ఇలాంటి వ్యాపారం కోసమే. అమెరికాలో రేథియాన్ సంస్థలో రాడార్ గొట్టాల మీద పనిచేస్తున్న పెర్సీ స్పెన్సర్ జేబులో మిఠాయి కరగడంతో ఆలోచన మొదలైందని చెబుతారు. ఆయన 1945లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1947లో అమ్మకానికి వచ్చిన 'రాడారేంజ్' దాదాపు ఆరడుగుల ఎత్తు, 340 కిలోల బరువు. చల్లబరచడానికి దానికి నీళ్ల గొట్టం కలపాల్సి వచ్చేది. వంటింటి గట్టు మీద పట్టేంత చిన్నది మార్కెట్లోకి రావడానికి 1967 దాకా పట్టింది.

మీకు తెలుసా, ఇంటి ఓవెన్‌కూ షాపు ఓవెన్‌కూ తేడా తలుపు తీయగానే కనిపిస్తుంది. ఇంటిదాంట్లో గాజు పళ్లెం తిరుగుతుంది. వ్యాపారానికి చేసినవాటిలో చాలావాటికి తిరిగే పళ్లెమే ఉండదు. అడుగున కదలని సిరామిక్ పలక ఉంటుంది. తరంగాలను నలుదిక్కులా చెదరగొట్టే రెక్క దాని కిందో, పైకప్పులోనో తిరుగుతుంటుంది. లోపలి గోడలు స్టీలువి. ఇంటి ఓవెన్ సాధారణంగా 700 నుంచి 900 వాట్ల వేడినిస్తే, ఇవి 1000 దగ్గర మొదలై 3000 దాటినవీ ఉన్నాయి. పెద్దవాటిలో తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్లు రెండేసి ఉంటాయి. ధర తక్కువని ఇంటి ఓవెన్ తెచ్చి షాపులో పెట్టుకునేవాళ్లున్నారు. రోజుకు నాలుగైదు సార్లు వాడేందుకు చేసినదాన్ని సాయంత్రమంతా ఆపకుండా నడిపితే అది ఎన్నాళ్లో నిలవదు. పైగా వ్యాపారానికి వాడినట్టు తేలితే చాలా కంపెనీలు ఇంటి ఓవెన్‌కు వారంటీ ఇవ్వవు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఓవెన్ లాగే కరెంటులో సుమారు మూడో వంతు ఆహారానికి చేరదు. మాగ్నెట్రాన్‌లోనూ ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ వేడిగా మారిపోతుంది. ఆ వేడిని బయటకు తోసేది లోపలి ఫ్యాను. ఫ్యాను గాలి పీల్చుకునే చోట వ్యాపార ఓవెన్‌లలో చాలావాటికి జల్లెడ లాంటి ఫిల్టరు ఉంటుంది, ఎక్కువగా ముందువైపు అడుగున. మన టిఫిన్ షాపుల్లో బజ్జీల మూకుడు, పిండి కలిపే బల్ల, ఓవెన్ అన్నీ నాలుగడుగుల్లోనే సర్దుకోవాలి. నూనె పొగ, శనగపిండి ధూళి కలిసి ఆ ఫిల్టరు మీద జిగురు పొరలా పేరుకుంటాయి. గాలి ఆడదు. లోపల వేడి హద్దు దాటగానే రక్షణ స్విచ్ ఓవెన్‌ను ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. 'మధ్యలో ఆగిపోతోంది, మళ్లీ అదే వస్తోంది' అని షాపువాళ్లు చెప్పే జబ్బుకు చాలాసార్లు కారణం ఇదే. వారానికోసారి ఫిల్టరు విప్పి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక బిగించాలి. పక్కనే మూకుడు ఉంటే రెండు మూడు రోజులకోసారి కడగాలి. వెనకా పక్కలా పైనా ఎంత ఖాళీ వదలాలో కంపెనీ పుస్తకంలో రాసే ఉంటుంది, అంత ఖాళీ ఉండాల్సిందే. దాని మీద బ్రెడ్డు ప్యాకెట్లు పేర్చొద్దు. డబ్బు ఖర్చు లేని ఈ ఒక్క పని చేయక వేలు పోసి మాగ్నెట్రాన్ మార్పించుకోవడం నాకు బాధ కలిగించే విషయం.

మీకు తెలుసా, మీ ఓవెన్ బలం ఎంతో మీరే కొలవొచ్చు. లీటరు నీళ్లు గాజు గిన్నెలో పోసి ఉష్ణోగ్రత చూడండి. రెండు నిమిషాలు ఫుల్ పవర్‌లో నడిపి, కలిపి, మళ్లీ చూడండి. ఎన్ని డిగ్రీలు పెరిగిందో దాన్ని 35తో గుణిస్తే సుమారుగా వాట్లు వస్తాయి. 1000 వాట్ల ఓవెన్ 28 డిగ్రీల దాకా పెంచాలి. గిన్నె కూడా కాస్త వేడి తీసుకుంటుంది కాబట్టి కొద్దిగా తగ్గినా పర్లేదు. ఈ పరీక్షే మధ్యాహ్నం ఒకసారి, లో వోల్టేజి వేళ ఒకసారి చేసి చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ రకం ఓవెన్‌లలో వోల్టేజి పదో వంతు పడితే వేడి అయిదో వంతు దాకా పడిపోవచ్చు. అలాంటప్పుడు రోజూ పెట్టే సమయమే పెడితే లోపల చల్లగానే ఉంటుంది. వోల్టేజి బాగున్నప్పుడు కూడా బలం చాలా తగ్గినట్టు తేలితే మాగ్నెట్రాన్ ముసలిదై ఉండొచ్చు.

కె.కోటపాడు మాడుగుల నియోజకవర్గంలోది కాబట్టి హల్వా గురించి కూడా చెప్పాలి. నీళ్లెక్కువున్న సాంబారు 100 డిగ్రీల దగ్గర మరుగుతూ ఆగుతుంది. నెయ్యి, చక్కెర దండిగా ఉన్న మాడుగుల హల్వా అలా ఆగదు, అంతకు మించి కాగుతుంది. మైక్రోవేవ్‌కు పనికొస్తుందని ముద్ర ఉన్న ప్లాస్టిక్ డబ్బా కూడా ఆ వేడికి మెత్తబడొచ్చు. గాజు గిన్నెలోకో పింగాణీ గిన్నెలోకో తీసి, పది పదిహేను సెకన్లు చాలు. అంచుకు బంగారు గీత ఉన్న గిన్నె మాత్రం వద్దు. ఆ గీత లోహం, నిప్పురవ్వలు వస్తాయి.

ఓవెన్‌లో పెట్టిన పఫ్ ఎందుకు మెత్తబడుతుందో చెబితే చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. తరంగాలు మసాలాలోని నీటిని ఆవిరి చేస్తాయి, చుట్టూ గాలి మాత్రం చల్లగానే ఉంటుంది. ఆవిరి పైపొరలో చిక్కుకుంటుంది. అందుకే పెద్ద దుకాణాల్లో వేడిగాలిని కూడా విసిరే ఓవెన్‌లు పెడుతున్నారు. అవి లేనిచోట అయిదారు సెకన్లు తగ్గించి, తీశాక కవర్లో మూయకుండా అర నిమిషం ఆరనిస్తే కొంత మేలు.

బిర్యానీ సెంటర్లవాళ్లకు ఒక మాట. మంచుగడ్డ తరంగాలను నీటి కంటే చాలా తక్కువగా పీల్చుకుంటుంది. గడ్డకట్టిన చికెన్‌ను ఫుల్ పవర్‌లో పెడితే ముందు కరిగిన అంచు ఉడికిపోతుంది, నడుమ రాయిలా మిగులుతుంది. డీఫ్రాస్ట్ మీటనే నొక్కాలి. రాత్రంతా బయట వదిలేసిన అన్నాన్ని ఓవెన్ బాగుచేస్తుందనీ అనుకోవద్దు. బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా అన్నంలో వదిలే వాంతుల విషం వేడికి నశించదు. సరిగ్గా ఫ్రిజ్‌లో పెట్టిన కూరైనా మధ్యకోసారి కలిపి, నడిమి భాగం 75 డిగ్రీలు చేరేదాకా వేడి చేయాలి.

శుభ్రం చేయడానికి ఘాటు రసాయనాలు అక్కర్లేదు. నాలుగు నిమ్మచెక్కలు వేసిన గిన్నెడు నీళ్లు లోపల మరిగించి, అయిదు నిమిషాలు తలుపు మూసే ఉంచండి. ఎండిన మరకలు మెత్తని గుడ్డకే వచ్చేస్తాయి. స్టీలు పీచు వాడొద్దు, స్ప్రే నేరుగా రంధ్రాల్లోకి కొట్టొద్దు. చాలా మోడళ్లలో లోపలి గోడకు అట్టముక్క లాంటి పలక కనిపిస్తుంది. అది మైకా, తరంగాలు వచ్చే దారికి మూత. దాని మీద నూనె పడి మాడితే టపటపమని రవ్వలు మొదలవుతాయి. వెంటనే ఆపి కొత్తది వేయించాలి, ఖరీదు పెద్దగా ఉండదు. ఖాళీ ఓవెన్ కూడా నడపకూడదు. పీల్చుకునే పదార్థం లేక తరంగాలు మాగ్నెట్రాన్ మీదికే తిరిగొస్తాయి.

తలుపు గురించి భయపడేవాళ్లు ఎక్కువ. తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, అద్దంలోని జాలీ రంధ్రాలు మిల్లీమీటర్లవి, వాటిలోంచి దాదాపు ఏమీ దాటదు. స్విచ్ ఆపగానే లోపల తరంగాలూ ఉండవు. వంగిన తలుపు, వదులైన కీలు, మురికి పట్టిన అంచు మాత్రం ప్రమాదమే. రద్దీలో తలుపును దబాలున కొట్టే అలవాటు మానిపించాలి.

ఓవెన్ చెడితే విశాఖ నుంచి మనిషి వచ్చేలోగా ఒక రోజు వ్యాపారం పోతుంది. ఆ తొందరలో మిక్సీలు బాగుచేసే కుర్రాడి చేత మూత విప్పిస్తారు. దయచేసి ఆ పని చేయించకండి. లోపల నాలుగు వేల వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్‌లో ఆ కరెంటు నిలిచి ఉండొచ్చు. ఓవెన్ పని నేర్చిన మెకానిక్కే ముట్టుకోవాలి. అతను వచ్చేలోగా మీరు చూడగలిగింది సాకెట్టు. 1000 వాట్ల ఓవెన్ సుమారు 1500 వాట్లు లాగుతుంది. దానికి ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల పాయింటు విడిగా ఉండాలి. ఫ్రిజ్, ఓవెన్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి ఉంటే ఆ బోర్డును ఈరోజే తీసేయండి.