భోజనము, ఉపవాసము: రక్తమందలి చక్కెర

పంట యేటికొకటి రెండు మారులే యింటికి వచ్చును. తిండి నిత్యము కావలయును. కావుననే మనము గాదెలు కట్టుకొంటిమి. మన శరీరమును నిట్టి యేర్పాటే చేసికొన్నది.

మెదడు దినమునకు సుమారు 120 గ్రాముల చక్కెరను వాడుకొనును. అయినను ఆరోగ్యవంతుని రక్తమంతటను పరగడుపున నుండునది 4, 5 గ్రాములు, అనగా నొక చిన్న చెంచాడు మాత్రమే. 100 మిల్లీలీటర్ల రక్తమునకు 70 మొదలు 100 మిల్లీగ్రాములు సరియైన మితము. ఈ మితము తప్పకుండుటెట్లు?

అన్నము, జొన్నసంకటి మొదలగువానిలోని పిండిపదార్థము చిన్నప్రేవులలో చక్కెరయై రక్తమును జేరును. అంతట జీర్ణాశయము వెనుకనున్న క్లోమమను గ్రంథి ఇన్సులినను రసమును విడుచును. దాని ప్రేరణచే కండరములు చక్కెరను గైకొనును, కాలేయము దానిని గ్లైకోజనుగా మార్చి దాచును, మిగిలినది క్రొవ్వగును.

ఉపవాసమున ఇన్సులిను తగ్గును. ఆ గ్రంథియే గ్లూకగానను వేరొక రసమును విడువగా కాలేయము తన గాదె తలుపు తెరచును. అందలి నిలువ సుమారు 100 గ్రాములే. దాదాపొక దినమున తరిగిపోవును. కండరములలోని నిలువ వానికే గాని రక్తమునకు రాదు. కావున కాలేయము మాంసకృత్తులనుండియు, క్రొవ్వులోని గ్లిసరిన్‌నుండియు చక్కెరను క్రొత్తగా చేయును.

మధుమేహులలో ఇన్సులిను చాలదు, లేదా సరిగా పనిచేయదు. 1921లో టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు జంతువుల క్లోమమునుండి దీనిని తీసిరి. 1922 జనవరిలో తొలిసారి రోగి కిచ్చిరి. నాటినుండి లెక్కకు మిక్కిలిగా ప్రాణములు నిలిచినవి.

అయితే నొక హెచ్చరిక. సూదితో నెక్కించిన ఇన్సులినునకు మనము పస్తున్న సంగతి తెలియదు; అది గాదె తలుపు మూసియే యుంచును. కొన్ని మాత్రలును నిట్లే చేయును. అట్టి మందు పుచ్చుకొని, ఏకాదశి యనియో రంజాను యనియో తినక దుక్కికి పోయినవానికి చెమటలు, వణకు, తడబాటు కలుగును. చూచువా రెండదెబ్బ యందురు, త్రాగినాడనియు నిందింతురు. తెలివి యున్నచో మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి వెంటనే త్రాగింపవలయును. తెలివి తప్పినచో నోట నేమియు పోయక ఆసుపత్రికి చేర్పవలయును.

మందును తమంతట తాము మానరాదు. ఉపవాసమునకు ముందే వైద్యుని సలహా పొందుడు. పొలమునకు పోవునపుడు కొంగున చక్కెర పొట్లము కట్టుకొనుడు.