కేబినెట్ నుంచి కౌంటర్ దాకా

2025 నవంబరు 12, బుధవారం. రాత్రి భోజనానికి కూర్చోబోతుంటే మా బావమరిది ఫోన్ చేశాడు. భీమవరం దగ్గర వాడు రొయ్యల చెరువులు చేస్తున్నాడు.

"బావా, టీవీలో చూశావా? ఎగుమతులకి కేబినెట్ ఇరవై వేల కోట్లు ఆమోదించిందట. పూచీకత్తు కూడా అక్కర్లేదట. రేపు పొద్దున్నే బ్యాంకుకి వెళితే ఎంతిస్తారు?"

ఈ పత్రిక చదివే ఇళ్లలో ఇలాంటి ఫోన్ రాని ఇల్లు ఉండదు. ఇంట్లో ఒక్క బ్యాంకు ఉద్యోగి ఉంటే చాలు, చుట్టాలందరికీ ఆయనే ఆర్థిక మంత్రి. ఆయన ఆఫీసులో ఉంటే ఆ ఫోన్లు ఇంట్లోవాళ్లకి వస్తాయి. మా ఆవిడకు ఎన్నోసార్లు వచ్చాయి. "కేబినెట్ ఓకే చేసింది కదా, మీ బ్యాంకువాళ్లే ఇవ్వడం లేదు" అన్న నిష్ఠూరం కూడా ఆవిడే పడింది. కేంద్ర మంత్రివర్గం ఒక ఆర్థిక నిర్ణయం తీసుకుంటే అసలు ఏం జరుగుతుందో, అది మన కౌంటర్ దాకా ఎలా వస్తుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు ఒక విషయం. కేబినెట్ ఆమోదం అంటే ప్రభుత్వం తనకు తాను ఇచ్చుకునే అనుమతి. ఫలానా పనికి ఇంత డబ్బు కేటాయించవచ్చు, ఇంత బాధ్యత నెత్తిన వేసుకోవచ్చు అని. ఫలానా వ్యక్తికి ఇంత ఇమ్మని బ్యాంకుకు ఇచ్చే ఉత్తర్వు కాదు. సంబంధిత మంత్రిత్వ శాఖ మొదట కేబినెట్ నోట్ తయారు చేస్తుంది. దాన్ని మిగతా శాఖలకు పంపి అభిప్రాయాలు తీసుకుంటుంది. ఖర్చు పెద్దదైతే ఆర్థిక శాఖలో వ్యయ విభాగం పట్టి పట్టి చూస్తుంది. ఏ విషయం ఎవరి ముందుకు రావాలో 1961 నాటి కార్యనిర్వహణ నియమాలు చెబుతాయి. ఆర్థిక విషయాలు చాలా వరకు ప్రధాని అధ్యక్షత వహించే ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీకి వెళతాయి. సమావేశాలు ఎక్కువగా బుధవారాల్లోనే జరుగుతాయి కాబట్టి మన ఇళ్లకు ఫోన్లు కూడా బుధవారం సాయంత్రమే వస్తాయి.

ఆ సాయంత్రం టీవీలో వచ్చేది పత్రికా ప్రకటన మాత్రమే. దాని తర్వాత శాఖ మార్గదర్శకాలు రాయాలి. అమలు చేసే సంస్థ నిబంధనలు విడుదల చేయాలి. మన హెడ్డాఫీసు వాటిని చదివి, బోర్డు అనుమతి తీసుకుని, సర్క్యులర్ ఇవ్వాలి. కంప్యూటర్‌లో కొత్త స్కీమ్ కోడ్ తెరవాలి. ఆ కోడ్ లేకపోతే సాక్షాత్తూ చైర్మన్ గారు వచ్చి అడిగినా బ్రాంచిలో ఆ లోను తెరుచుకోదు.

ఉదాహరణకు పీఎం విశ్వకర్మ. 2023 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో దాని మాట వచ్చింది. ఆగస్టు 16న కేబినెట్ ఆమోదించింది. సెప్టెంబరు 17న ప్రారంభించారు. ఆ తర్వాత కూడా ఒక వడ్రంగి మన దగ్గరకు రావాలంటే ముందు కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు చేసుకోవాలి, పంచాయతీ ధ్రువీకరించాలి, జిల్లా కమిటీ చూడాలి, ఆపై మరో కమిటీ చూడాలి, శిక్షణ పూర్తికావాలి. అప్పుడు మొదటి విడతగా లక్ష వరకు, 5 శాతం వడ్డీకి. ఆగస్టు 17 పొద్దున్నే బ్రాంచికి వచ్చినవారికి నేను చెప్పగలిగింది "ఇంకా టైముందండీ" అన్న మాట ఒక్కటే.

కానీ ఒకసారి మాత్రం ఢిల్లీ నుంచి కౌంటర్ దాకా దారి పది రోజుల్లో పూర్తయింది. అప్పుడు నేను ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పట్టణంలో బ్రాంచి మేనేజర్ని.

2020 మే. లాక్‌డౌన్. సగం మంది స్టాఫ్ ఒకరోజు, మిగతా సగం మర్నాడు. గుమ్మం బయట సున్నంతో గీసిన వృత్తాలు. జన్‌ధన్ ఖాతాల్లో పడ్డ 500 రూపాయల కోసం పొద్దున్న ఏడింటి నుంచే మహిళలు వరుసలో నిలబడేవారు. వ్యాపారస్తులు మాత్రం రావడం మానేశారు. వచ్చి ఏం చెయ్యాలి?

మే 12న ప్రధాని 20 లక్షల కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. 13న ఆర్థిక మంత్రి అందులో చిన్న పరిశ్రమలకు 3 లక్షల కోట్ల రుణాల సంగతి చెప్పారు. 20న, మళ్లీ బుధవారమే, కేబినెట్ ఆమోదించింది. అదే రోజు మత్స్య సంపద యోజన, పెద్దల పెన్షన్ పథకం వయ వందన గడువు పొడిగింపు కూడా ఆమోదం పొందాయి. ఆ వారం తిరక్కుండానే నేషనల్ క్రెడిట్ గ్యారంటీ ట్రస్టీ కంపెనీ మార్గదర్శకాలు వచ్చేశాయి. ఈసీఎల్‌జీఎస్ అని మనవాళ్లందరి నోళ్లలో నలిగిన పథకం అదే.

అప్పుడు ఇంటర్‌లో ఉన్న మా అబ్బాయి ఒక మంచి ప్రశ్న వేశాడు. "పన్నులే రాని టైములో ప్రభుత్వానికి 3 లక్షల కోట్లు ఎక్కడివి నాన్నా?"

లేవు. అక్కడే ఉంది కిటుకు. ఆ రుణాల డబ్బు ప్రభుత్వానిది కాదు, బ్యాంకులది. అంటే మన డిపాజిటర్లది. ప్రభుత్వం ఇచ్చింది మాట: "వీళ్లు తిరిగి కట్టకపోతే మేం ఇస్తాం" అని. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆ సంవత్సరం, తర్వాతి మూడేళ్లకు కలిపి 41,600 కోట్లు కేటాయించింది. వందకు దాదాపు పద్నాలుగు రూపాయలన్నమాట. నేను ఎంబీఏ చదివినప్పుడు దీన్ని పుస్తకంలో ఒక పేజీలో చదివి పరీక్ష రాసేశాను. అసలు అర్థం బ్రాంచిలో తెలిసింది. చేతిలో డబ్బు లేని పెద్దమనిషి పది కుటుంబాలకు హామీ సంతకం పెట్టి ఆదుకోవడం లాంటిది అది. అందరూ కట్టేస్తే ఆయన జేబులోంచి పైసా పోదు. ఎవరూ కట్టకపోతే ఇల్లు గుల్ల.

నిబంధన ఇది: 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకుకు బాకీ 25 కోట్ల లోపు, టర్నోవరు 100 కోట్ల లోపు ఉన్న వ్యాపారానికి, ఆ బాకీలో 20 శాతం దాకా కొత్త రుణం. కొత్తగా ఆస్తి తాకట్టు అక్కర్లేదు, గ్యారంటీ ఫీజు లేదు. నాలుగేళ్ల గడువు, అందులో మొదటి ఏడాది అసలు కట్టనక్కర్లేదు. బ్యాంకులు వేసే వడ్డీ 9.25 శాతం దాటకూడదు. అప్పటికే అరవై రోజులకు మించి బకాయి పడ్డవారికి వర్తించదు.

మా బ్రాంచిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడిపే ఒకాయన ఉండేవారు. క్యాష్ క్రెడిట్, టర్మ్ లోను కలిపి బాకీ 50 లక్షలు. పనివాళ్లు ఒడిశా, బీహారు వెళ్లిపోయారు. పలకలు యార్డులో పేర్చి ఉన్నాయి, కొనేవాడు లేడు. నేనే ఫోన్ చేశాను. "మీకు పది లక్షలు వస్తుందండీ. ప్రభుత్వమే గ్యారంటీ. ఏడాది వాయిదాలుండవు" అన్నాను.

చెప్పిన ముక్కల్లో అబద్ధం లేదు. సగమే చెప్పాను, అదీ నా తప్పు. రోజుకు నలభై మందికి ఫోన్ చేస్తున్న రోజులవి.

జులై నెలాఖరుకు ఆయన ఖాతాలో వడ్డీ పడింది. లెక్క సులువుగా ఉండటానికి 9 శాతం అనుకుందాం, పది లక్షలకు నెలకు 7,500. మర్నాడు మాస్కు గడ్డం కిందికి లాగి నా గదిలోకి వచ్చారు. "ఏడాది కట్టక్కర్లేదన్నారు. గ్యారంటీ ప్రభుత్వానిదన్నారు. ఇదేంటి మేనేజర్ గారూ?"

కట్టక్కర్లేనిది అసలు మాత్రమేనని, వడ్డీ నెలనెలా కట్టాలని అప్పుడు చెప్పాను. ఏడాది తర్వాత ముప్పై ఆరు వాయిదాల్లో నెలకు దాదాపు 27,800 అసలు, దానిపై వడ్డీ. ఆయన ముఖం మాడిపోయింది. ఆ డబ్బులో కొంత అప్పటికే కరెంటు బిల్లుకు, కాంట్రాక్టరు బాకీకి పోయింది.

గ్యారంటీ సంగతి అంతకంటే కష్టమైంది. చాలామంది అనుకున్నట్టే ఆయనా "నేను కట్టకపోతే ప్రభుత్వం కట్టేస్తుంది, గొడవ వదిలిపోతుంది" అనుకున్నారు. "మీ మేనమామ మీకు హామీ సంతకం పెడితే మీ బాకీ పోతుందా అండీ?" అని అడిగాను. పోదు. అప్పిచ్చినవాడికి ధైర్యం వస్తుంది, అంతే. ఈ గ్యారంటీ కూడా బ్యాంకుకే, ఖాతాదారుకు కాదు. ఖాతా మొండి బాకీ అయితే ట్రస్టీ కంపెనీ ముందు 75 శాతం బ్యాంకుకు చెల్లిస్తుంది. మిగతా 25 శాతం వసూలు చర్యలు ముగిశాక. అంటే బ్యాంకు నోటీసులు పంపడం, కోర్టుకు వెళ్లడం ఏదీ ఆగదు. పైగా పాత రుణానికి ఉన్న తాకట్టు మీదే ఈ కొత్త రుణానికి కూడా రెండో హక్కు రాసుకుంటాం. పాత 50 లక్షలకు ఈ గ్యారంటీతో సంబంధమే లేదు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "ముందే చెప్పుంటే ఐదు లక్షలే తీసుకునేవాణ్ణి" అన్నారు. ఆ రోజు నుంచి ఆ పథకం గురించి ఎవరికి ఫోన్ చేసినా కట్టాల్సింది ముందు చెప్పి, వచ్చేది తర్వాత చెప్పాను. కొందరు వద్దన్నారు. టార్గెట్ తగ్గింది. రీజినల్ ఆఫీసు నుంచి ఒక మాట కూడా పడింది, అది వేరే కథ.

ఈ పథకంలో ఇంకో కోణం మా అమ్మ వల్ల తెలిసింది. రాత్రి ఇంట్లో ఇరవై శాతం లెక్క చెబుతుంటే విని, "అయితే బాకీ లేనివాడికి ఏమీ లేదా?" అంది.

నిజమే. సున్నాలో ఇరవై శాతం సున్నాయే. మా బ్రాంచి ఎదురుగా ఒక టిఫిన్ హోటల్ ఉండేది. పన్నెండేళ్లుగా మా దగ్గర కరెంటు ఖాతా. "అప్పు అన్నది చెయ్యలేదు సార్" అని గర్వంగా చెప్పుకునేవాడు. అప్పు లేదు కాబట్టి ఈ పథకంలో ఆయన లేడు. ఆ జూన్‌లో వీధి వ్యాపారులకు పదివేల రుణం ఇచ్చే స్వనిధి వచ్చింది. తోపుడు బండి మీద ఇడ్లీ అమ్మేవాడికి అది వస్తుంది, అద్దె షట్టరు వేసుకున్న ఈయనకు రాదు. ముద్ర కింద కొత్త రుణం ఇద్దామంటే మామూలు పద్ధతిలో వ్యాపారం చూపించాలి. రెండు నెలలుగా మూసి ఉన్న హోటల్‌కి ఏం వ్యాపారం చూపిస్తాడు?

కేబినెట్ అలా ఎందుకు చేసిందో నాకు అర్థమవుతుంది. పాత ఖాతాదారు వివరాలన్నీ బ్యాంకు దగ్గర ఉంటాయి. కొత్తగా విచారణ అక్కర్లేకుండా కొద్ది రోజుల్లో డబ్బు చేరాలంటే ఉన్న ఖాతాల మీదుగానే వెళ్లాలి. వేగం కావాలంటే కొందరు వదిలిపోక తప్పదు. ఆ నిర్ణయాన్ని నేను ఇప్పటికీ సమర్థిస్తాను. అయితే అమ్మ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు ఇప్పటికీ లేదు.

ఆ ఆగస్టు 6న రిజర్వు బ్యాంకు వ్యవసాయేతర బంగారు రుణాల పరిమితిని విలువలో 75 శాతం నుంచి 90 శాతానికి పెంచింది. ఆయన భార్య గాజులు తెచ్చి పెట్టింది. హోటల్ మళ్లీ తెరిచారు, పార్సిళ్లు మాత్రమే. రెండో వేవ్‌లో మూతపడింది, మళ్లీ తెరవలేదు. గాజులు మాత్రం విడిపించుకున్నారు.

ఈసీఎల్‌జీఎస్‌ను తర్వాత ఎన్నోసార్లు సవరించారు. మొదట డాక్టర్లు, లాయర్ల వంటి వృత్తి నిపుణుల వ్యాపార రుణాలు చేరాయి, 2021లో హోటళ్లు, పర్యాటకం చేరాయి. పరిమితి నాలుగున్నర లక్షల కోట్లకు, తర్వాత ఐదు లక్షల కోట్లకు పెరిగింది. 2023 మార్చి 31తో కొత్త రుణాలు ఆగాయి. దేశంలో కోటి మందికి పైగా రుణగ్రహీతలు దీని కింద వచ్చారు.

మళ్లీ మా బావమరిది దగ్గరకు వస్తాను. నవంబరు 12 నిర్ణయం కూడా అదే ట్రస్టీ కంపెనీ ద్వారా ఇచ్చే నూరు శాతం గ్యారంటీ. ఇరవై వేల కోట్లు పంచిపెట్టే సొమ్ము కాదు, ప్రభుత్వం హామీ ఉండే అదనపు రుణాల గరిష్ఠ పరిమితి. ఆగస్టు 27 నుంచి అమెరికా సుంకాలు 50 శాతానికి చేరి దెబ్బతిన్న ఎగుమతిదారులకు ఊపిరి ఆడటానికి వచ్చింది. వాడు ఎగుమతిదారు కాదు. చెరువు గట్టు మీదే కౌంటు చూసి కంపెనీకి అమ్ముతాడు. పథకం కంపెనీకి.

"అంటే నాకేమీ లేదంటావా?" అన్నాడు.

"నేరుగా లేదురా. ఆ కంపెనీకి వర్కింగ్ క్యాపిటల్ దొరికితే నీకు రావాల్సిన పాత బాకీ అడగడానికి వీలుంటుంది. సర్క్యులర్ రానీ, రెండు వారాలాగి అడుగు. అప్పటిదాకా ఎవడైనా స్కీమ్ లోను ఇప్పిస్తానని ఫీజు అడిగితే ఇవ్వకు."

వాడికి నచ్చలేదు. ఫోన్ మా ఆవిడకు ఇమ్మన్నాడు. అక్కాతమ్ముళ్లు అరగంట మాట్లాడుకున్నారు, నా గురించే అయి ఉంటుంది. డిసెంబరులో కంపెనీ సగం బాకీ ఇచ్చిందని చెప్పాడు. అది పథకం వల్లో, రోజూ వెళ్లి గేటు దగ్గర కూర్చున్నందువల్లో వాడికీ తెలియదు.

గ్రానైట్ యూనిట్ ఆయన ఆ పది లక్షలూ తీర్చేశారు. 2024లో, నేను బదిలీ అయి వచ్చేసిన మూడేళ్లకు, లోను క్లోజ్ అయిన లెటరు ఫొటో వాట్సాప్‌లో పంపారు. కింద ఒక లైను: "సార్, కొత్తగా ఏమైనా స్కీములు వచ్చాయా? ముందు కట్టాల్సింది చెప్పండి."