నీళ్లు తీశాకే అసలు గండం
సూరత్ వరదలు నేర్పిన పాఠం: ఇంటికి చేరడం ఒక ఎత్తు, ఇంట్లో అడుగుపెట్టడం మరో ఎత్తు

వరద తగ్గుముఖం పడితే చాలు, ఉధ్నాలో నేతపనివాళ్ల కాళ్లు నిలవవు. ఇక్కడ కూలి మీటర్ల లెక్కన. సాంచాలు ఆగిన ప్రతి రోజూ పస్తే. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలకు ఇల్లూ, పనీ రెండూ ఈ బస్తీల్లోనే. కాబట్టి నీళ్లు తీసీ తియ్యకముందే తలుపు తెరుస్తారు. ప్రమాదం పొంచి ఉండేది సరిగ్గా అప్పుడే.

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి దాదాపు 9 లక్షల క్యూసెక్కులు వదిలితే తాపీ నది సూరత్‌లో అత్యధిక భాగాన్ని ముంచేసింది. 2025 జూన్‌లో నది జోలి లేకుండానే, కుండపోత వానకు ఖాడీలు (మురుగు వాగులు) పొంగి లింబాయత్ వైపు కాలనీలు మునిగాయి. అది వట్టి వాననీరు కాదు, మురుగు కలిసిన నీరు.

మొదటి శత్రువు కరెంటు. మెయిన్ స్విచ్ దగ్గరికి నీళ్లలో నడిచి వెళ్లాల్సి వస్తే వెళ్లనే కూడదు, విద్యుత్ సిబ్బందిని పిలవాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో వైర్లలో కరెంటు ఉంటుందని చాలామందికి తట్టదు. సాంచా మోటారు పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపలి చుట్టల్లో తడి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ మెగ్గర్ పెట్టి చూడకుండా స్విచ్ వేస్తే మోటారైనా కాలుతుంది, మనిషికైనా షాక్ కొడుతుంది. రెండు రోజుల కూలి పోతుందన్న బాధ నిజమే, కానీ మోటారు చుట్టించే ఖర్చు అంతకంటే ఎక్కువ. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి.

బురద తీయకుండా బ్లీచింగ్ చల్లడం అందరూ చేసే పని. వృథా. బురదే క్లోరిన్‌ను మింగేస్తుంది. ముందు పారతో ఎత్తిపోసి, కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్. దాన్ని బాత్‌రూమ్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది. తడిసిన గోధుమపిండి, బియ్యం ఎండబెట్టి వాడుకోవాలన్న ఆశ వదులుకోవాల్సిందే. బీమా ఉంటే కడగకముందే ఫోటోలు తీసుకోవాలి.

శుభ్రత విషయంలో సూరత్‌ది చేదు అనుభవం. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఊరొదిలి పారిపోయారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు చెత్త మీద యుద్ధమే ప్రకటించి నగరం రూపు మార్చారు. ఆయన తెలుగువారన్నది ఇక్కడి మనవాళ్లకు కాస్త గర్వం కూడా.

అయితే ఎలుకలు పోలేదు. వాటి మూత్రం కలిసిన నీరు కాలి పుండ్ల గుండా ఒంట్లోకి చేరితే లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. దక్షిణ గుజరాత్‌కు ఇది కొత్త కాదు, 2006 వరద తర్వాత సూరత్‌లోనూ కనిపించింది. గమ్‌బూట్లు లేకుండా బురదలో దిగొద్దని వైద్యులు చెప్పేది అందుకే. చిక్కేమిటంటే, జ్వరం వెంటనే రాదు. సాధారణంగా వారం, రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి నాలుగు వారాలు. అప్పటికి వరద సంగతే మరిచిపోతారు. పిక్కల నొప్పులు, కళ్ల ఎరుపుతో జ్వరం వస్తే మందుల షాపు మాత్రతో సరిపెట్టకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, వరద నీళ్లలో నడిచామన్న మాట ముందే చెప్పాలి. తొలి రోజుల్లో మామూలు యాంటీబయాటిక్స్‌కే లొంగే జబ్బు ఇది. ఆలస్యమైతే కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి.