4.6 ఇంట్లో చిన్న ప్రవాళ అక్వేరియం: నత్రజని చక్రం

కొత్త ఉప్పునీటి తొట్టిలో నీరు తేటగా ఉన్నా, వెంటనే వదిలిన చేపలు చనిపోవచ్చు. దీనికి కారణాన్ని పరిశీలిద్దాం.

చేపల విసర్జకాల నుంచి, కుళ్ళిన ఆహారం నుంచి అమ్మోనియా ఏర్పడుతుంది. ఇది చేపలకు విషం. సముద్రంలో అపారమైన నీరు దీనిని పలుచన చేస్తుంది. 60 లీటర్ల తొట్టిలో ఆ వీలు లేదు. ఒక రకం బాక్టీరియాలు అమ్మోనియాను నైట్రైట్‌గానూ, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మారుస్తాయి. దీనిని నత్రీకరణం అంటారు. నైట్రైట్ కూడా హానికరమే. నైట్రేట్ హాని చాలా తక్కువ. అప్పుడప్పుడు కొంత నీరు మార్చి దానిని తగ్గించవచ్చు.

ఈ బాక్టీరియాలు రాళ్ళ రంధ్రాలలో, ఇసుకలో స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందుచేత అక్వేరియం లవణ మిశ్రమంతో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణీయత, 25–26 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత గల నీటిని సిద్ధం చేసి, రాళ్ళు, ఇసుక అమర్చి, కొద్దిగా అమ్మోనియా చేర్చాలి. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు చేరి, నైట్రేట్ కనిపించిన తరువాతే మొదటి చేపను వదలాలి. ప్రవాళాలను ఆ తరువాతే చేర్చాలి.

గమనిక: నీరు ఆవిరైనా లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. కాబట్టి తగ్గిన మేరకు క్లోరిన్ లేని మంచినీరే పోయాలి. ప్రవాళ భిత్తికలను నిర్మించే ప్రవాళాలు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జీవులు; వాటిని సముద్రం నుంచి సేకరించరాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
తేట నీరు సురక్షితమైన నీరు కాకపోవచ్చు. ఎందుకు?